మా ఎండీ నన్ను ఇష్టపడుతున్నానన్నారు, నాకూ ఆయనంటే ఇష్టమే. అదే నెలలో డిజైన్ హెడ్ పోస్టు కూడా ఇస్తానంటున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న పెద్దది కాబట్టి, మిగతావాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెప్తాను. అడిగినమ్మాయి వయసు 28. హైదరాబాద్‌లో చేనేత చీరల సంస్థలో నాలుగేళ్లుగా టెక్స్‌టైల్ డిజైనర్. అరవై మంది దాకా పనిచేస్తున్న కుటుంబ సంస్థ. తండ్రి ఛైర్మన్, కొడుకు ఎండీ. ఆయనకు 36, పెళ్లి కాలేదు. మూడు వారాల క్రితం పుట్టపాకలో నేతగాళ్లను కలిసి తిరిగొస్తుంటే కారులో తన మనసులో మాట చెప్పారు. ఈమెకూ ఏడాదిగా ఆయనంటే ఇష్టమే, బయటపడలేదంతే. అది జరిగిన పది రోజులకు ఏప్రిల్ నుంచి డిజైన్ హెడ్ నువ్వే అన్నారట. ఇప్పుడామె అడిగేవి మూడు: ఆయనకు అవునని చెప్పాలా, ఉద్యోగం మానేయాలా, ఆఫీసులో ఈ సంగతి చెప్పాలా.

ముందు సూటిగా జవాబు. మనసులో మాట ఆయనకు చెప్పండి. ఆ పోస్టుకు మాత్రం ఇప్పుడు ఒప్పుకోకండి. మీ జీతం, మీ రివ్యూ, మీ డిజైన్ పాస్ చేసే సంతకం, ఈ మూడూ ఆయన చేతిలోంచి మరొకరి చేతికి మారాలి. అది కాగితం మీదికి రావాలి. ఆ తర్వాతే ముందుకు వెళ్లండి. ఉద్యోగం మానేయాల్సిన పని ఇప్పటికైతే లేదు. ఆఫీసులో చెప్పి తీరాలి, కానీ చెప్పాల్సింది ఆయన. ఆ బరువు మీరు నెత్తికెత్తుకోకండి.

ఇలా ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. నేను హెచ్‌ఆర్‌లో 21 ఏళ్లుగా ఉన్నాను. మొదట ఒక యాడ్ ఏజెన్సీ, తర్వాత చాలాకాలం ఒక నగల సంస్థ. ఇప్పుడు చిన్న సంస్థలకు సలహాలిస్తూ, కొన్నిచోట్ల లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీలో బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను. పెద్దింటి యజమాని, కళ చేతిలో ఉన్న ఉద్యోగిని... ఇలాంటి జంటల్ని చాలా దగ్గర నుంచి చూశాను. కొన్ని పెళ్లిదాకా వెళ్లాయి, కొన్ని కమిటీ గదిదాకా వచ్చాయి.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒకేచోట పనిచేసే ఇద్దరు ప్రేమించుకోకూడదని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. 2013లో వచ్చిన పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇష్టం లేనిచోట చొరబడటం గురించి మాట్లాడుతుంది, ఇద్దరికీ ఇష్టమైన దాని జోలికి రాదు. అయితే అదే చట్టంలో ఇంకో మాట ఉంది. అలాంటి ప్రవర్తనతో పాటు ఉద్యోగంలో ప్రత్యేక మేలు చేస్తాననే హామీ, అది పైకి చెప్పినా చెప్పకుండా సూచించినా, వేధింపు కిందికి రావచ్చు. మీ ఎండీ అలాంటి ఉద్దేశంతో చేశారని నేననను. బహుశా మీ పని నిజంగానే ఆ పోస్టుకు తగినదై ఉంటుంది. కానీ ప్రేమ మాట, ప్రమోషన్ మాట పది రోజుల తేడాలో ఒకే నోటి నుంచి వచ్చాయి. రేపు ఎవరు తేదీలు పక్కపక్కన పెట్టి చూసినా రెండూ ఒకటేననుకుంటారు. మీకే ఒకరోజు అనుమానం వస్తుంది, "నా డిజైన్ చూసి ఇచ్చారా, నన్ను చూసి ఇచ్చారా" అని. ఆ అనుమానం ఒకసారి మొదలైతే తీర్చడం ఎవరి తరమూ కాదు. నేను పోస్టు వద్దంటున్నది అందుకే.

ఇక అసలు విషయానికి వస్తాను. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

నగల సంస్థలో ఉన్నప్పటి సంగతి. అక్కడ ఒక డిజైనర్ ఉండేది, చెయ్యి చాలా మంచిది. ట్రేసింగ్ పేపర్ మీద బుట్టకమ్మ గీస్తే ఆ బుట్ట ఊగుతున్నట్టే కనిపించేది. కార్ఖానాలో ఒక పెద్ద మేస్త్రీ. ఈ అమ్మాయి గీసిన ప్రతి కాగితమూ ఆయన దగ్గరికి వెళ్లేది, ఎర్ర పెన్సిల్ గీతలతో తిరిగొచ్చేది. "ఇక్కడ గాడి లోతు చాలదు, రాయి నిలవదు." "ఈ కొక్కెం నెల తిరక్కుండా విరుగుద్ది." ఇద్దరూ గంటల తరబడి పోట్లాడుకునేవాళ్లు. ఆ పోట్లాటలోంచే ఆ సంస్థకు మంచి నగలు వచ్చాయి.

తర్వాత యజమానికీ ఆమెకూ మధ్య ఏదో ఉందని కార్ఖానాలో తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడమే ఆమెకు చేటయింది. మేస్త్రీ దగ్గర్నుంచి కాగితాలు శుభ్రంగా తిరిగి రావడం మొదలైంది. "బాగుందమ్మా" అని అంతే. ఒక పండగ సీజన్‌కు ఆమె పెద్ద బుట్టకమ్మలు గీసింది, జత 38 గ్రాములు. మాటీలు పెట్టినా చెవి సాగిపోయేంత బరువు. మునుపైతే ఆ కాగితం మేస్త్రీ బల్ల దాటేది కాదు. ఈసారి ఆరు జతలు తయారై షోరూమ్‌కు వెళ్లాయి. పెట్టుకు చూసిన ప్రతి కస్టమరూ తీసి ట్రేలో పెట్టేసింది. నాలుగు నెలలకు ఆరు జతలూ కరిగించారు. బంగారం మళ్లీ వచ్చింది, తరుగూ మజూరీ పోయాయి. ఆమె నా గదికొచ్చి, "ఆయనకు బరువు తెలియదా మేడమ్? ఎందుకు చెప్పలేదు?" అని ఏడ్చింది. నేను మేస్త్రీని అడిగాను. "యజమాని ఇంటి మనిషికి తప్పు చెప్పడానికి నేనెవర్నమ్మా" అన్నాడాయన. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే భయపడ్డాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు.

మీరు చీర డిజైన్‌ను గ్రాఫు కాగితం మీద గీసి పుట్టపాకకు పంపినప్పుడు, "ఈ అంచు ఇలా పెడితే పడుగుకీ పేకకీ పొత్తు కుదరదు, రంగు పక్కకు జరుగుద్ది" అని చెప్పే నేతగాడు ఒకరుండే ఉంటారు. ఆయన నోరు మూతపడిన రోజున మీ ఎదుగుదల కూడా అక్కడే ఆగుతుంది. వెనకాల నలుగురూ నాలుగు మాటలు అనుకోవడం కూడా ఉంటుంది, అది ఉండకుండా పోదు. కానీ చాటుమాటు మాటల కంటే ఎదుట మాట్లాడాల్సినవాళ్లు మౌనంగా ఉండటమే కళ ఉన్నవాళ్లను ఎక్కువ దెబ్బతీస్తుంది. అకౌంట్స్ విభాగంలో మనిషికి ఈ బాధ ఇంత ఉండదు. లెక్క తప్పితే లెక్కే చెప్తుంది. డిజైన్ తప్పితే మనిషే చెప్పాలి.

అందుకే మీ డిజైన్ పాస్ చేసే అధికారం ఆయన దగ్గర ఉండకూడదు. తండ్రిగారి దగ్గరో, ప్రొడక్షన్ చూసే సీనియర్ దగ్గరో ఉండాలి. "ఈమె పనిని మునుపటిలాగే విమర్శించండి, ఎవరికీ ఏమీ కాదు" అని ఆయనే స్వయంగా, మీరు పక్కన లేనప్పుడు, వాళ్లకు చెప్పాలి. మీరు చెప్తే వాళ్లు నమ్మరు.

బాగా జరిగిన కథ కూడా ఒకటి చెప్తాను, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. యాడ్ ఏజెన్సీలో ముగ్గురు భాగస్వాములుండేవారు. వాళ్లలో ఒకాయనకీ ఒక కాపీరైటర్‌కీ ఇష్టం కలిసింది. ఆయన శనివారం ఆమెతో మాట్లాడి, సోమవారం పొద్దున్నే మిగతా ఇద్దరు భాగస్వాములనూ నన్నూ కూర్చోబెట్టి విషయం చెప్పేశారు. ఆ ఉత్తరం నేనే టైప్ చేశాను, తొమ్మిది లైన్లు. ఈ రోజు నుంచి ఈమె రివ్యూ, జీతం, ప్రాజెక్టులు ఫలానా ఇద్దరు చూస్తారు, ఆ చర్చ జరిగేటప్పుడు ఈయన గదిలో ఉండరు, సంబంధం తెగిపోయినా ఈ ఏర్పాటు మారదు. అంతే. చివరి మాట ఆమె అడిగి పెట్టించుకుంది, చాలా తెలివైన పిల్ల. ఆ ఏడాది ఆమెకు ఇంక్రిమెంట్ అనుకున్నదానికంటే తక్కువే వచ్చింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. ఆయన నిజాయితీ మీద ఆఫీసుకు నమ్మకం కలిగింది ఆ రోజే. రెండేళ్ల తర్వాత పెళ్లి చేసుకున్నారు. ఆమె ఆ తర్వాత కూడా కొన్నాళ్లు అక్కడే పనిచేసి, తనంతట తాను ఇంకో ఏజెన్సీకి పెద్ద పోస్టులో వెళ్లింది. అక్కడ ఎవరూ "ఫలానా ఆయన భార్య" అని తీసుకోలేదు, ఆమె రాసిన యాడ్లు చూసి తీసుకున్నారు.

ఆఫీసులో ఆయనే చెప్పాలని ఎందుకన్నానంటే, అధికారం ఎవరి దగ్గరుంటే చెప్పే బాధ్యత వాళ్లది. చాలా పెద్ద కంపెనీలు ఈ లెక్కనే నడుస్తాయి. 2019 నవంబర్‌లో మెక్‌డొనాల్డ్స్ బోర్డు తన సీఈఓ స్టీవ్ ఈస్టర్‌బ్రూక్‌ను తొలగించింది, ఒక ఉద్యోగినితో ఇష్టపూర్వక సంబంధమే అయినా కంపెనీ నియమానికి విరుద్ధమని. ఆయన మరికొన్ని సంబంధాలు దాచారని కంపెనీ తర్వాత కోర్టుకు కూడా వెళ్లింది. 2021 డిసెంబర్‌లో ఆయన 10 కోట్ల డాలర్లకు పైగా విలువైన నగదు, షేర్లు తిరిగి ఇచ్చేశారు. 2025 సెప్టెంబర్‌లో నెస్లే సీఈఓ లారెంట్ ఫ్రెక్స్ పదవి కూడా అలాగే పోయింది, తన కింద నేరుగా పనిచేసే ఉద్యోగినితో సంబంధాన్ని చెప్పకుండా ఉంచినందుకు. అక్కడ పైవాడిని అడిగే బోర్డు ఉంది. మీ సంస్థలో ఎండీని అడిగేవారెవరు? హెచ్‌ఆర్ మేనేజర్ ఆయన దగ్గర జీతం తీసుకునే మనిషే. అందుకే కుటుంబ సంస్థలో మరింత జాగ్రత్త కావాలి. మీ విషయంలో చెప్పాల్సిన చోటు ఆయన తండ్రి. ఇంట్లో భోజనాల దగ్గర చెప్పడం వేరు, ఛైర్మన్ హోదాలో ఆఫీసు గదిలో చెప్పడం వేరు. రెండోది కావాలి.

నాకైతే ఆయన మనసు తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. "నాన్నగారికి ఇప్పుడే వద్దు, సమయం చూసి చెప్తాను" అని ఒకసారి అంటే అర్థం చేసుకోవచ్చు. డబ్బున్న ఇళ్లలో సంబంధాల లెక్కలు, కులం లెక్కలు మనకు తెలియనివి కావు. మూడు నెలల తర్వాత కూడా అదే మాట అంటే, మీతో కాలక్షేపం కావాలి గానీ ఇంటిదాకా తీసుకెళ్లే ధైర్యం లేదని అనుకోవాల్సిందే. అప్పటికి మీరు డిజైన్ హెడ్ కుర్చీలో ఉంటే, ఆ మాట అనుకోవడం కూడా కష్టమవుతుంది. కుర్చీ పోతుందేమోనన్న భయం ఒకటి తోడవుతుంది కదా.

చెడితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. ఒక ఇంటీరియర్స్ సంస్థలో పనిచేసిన అమ్మాయి నా దగ్గరికొచ్చింది. యజమానితో ఏడాదికి పైగా సంబంధం. ఈమె ఇక చాలనుకుంది, ఆయన ఒప్పుకోలేదు. రాత్రిళ్లు ఫోన్లు, ఇంటి ముందు కారు, ఆఫీసులో చేతిలో ఉన్న ప్రాజెక్టులన్నీ లాగేసుకోవడం. మారతాడులే అని చూస్తూ ఉండి, ఉద్యోగం మానేసి, అంతా అయిన ఏడు నెలలకు వచ్చింది. ఈ చట్టం కింద ఫిర్యాదుకు గడువు చివరి సంఘటన నుంచి మూడు నెలలు. తగిన కారణం ఉంటే మరో మూడు నెలల వరకు పొడిగించవచ్చు. ఆమె దానినీ దాటిపోయింది. పైగా ఆయన అడిగాడని పాత మెసేజ్‌లన్నీ తుడిచేసింది. పోలీసులకు ఫిర్యాదు చేసే దారి వేరే ఉందని చెప్పాను. ఆమెకు అప్పటికి ఆ ఓపిక లేదు. నేను చేయగలిగింది ఇంకోచోట ఉద్యోగం చూపించడం ఒక్కటే. ఇప్పటికీ ఆమె గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. మీ ఆఫీసు గోడ మీద ఆ పేర్ల కాగితం ఉందో లేదో రేపే చూడండి. ఫిర్యాదు యజమాని మీదే అయితే అది ఈ కమిటీకి కాదు, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియక, యజమాని జీతమిచ్చే కమిటీ ముందే నిలబడి నలిగిపోతారు. ఇష్టపడి మొదలుపెట్టిన సంబంధమైనా సరే, వద్దన్న తర్వాత వెంటపడితే అది వేధింపే. "అప్పుడు నువ్వూ ఒప్పుకున్నావు కదా" అన్న మాటకు ఏ విలువా లేదు. ఆ రాత్రి కారులో ఏం మాట్లాడుకున్నారో, పోస్టు సంగతి ఎప్పుడు ఎలా చెప్పారో మీ సొంత డైరీలో తేదీతో రాసి పెట్టుకోండి. ఇది ఆయన్ని అనుమానించడం కాదమ్మా. అంతా బాగుంటే ఆ డైరీ ముసలితనంలో ఇద్దరూ కలిసి చదువుకుంటారు.

మీ గీతల సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగంలో భాగంగా సంస్థ కోసం గీసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు సంస్థే. 1957 కాపీరైట్ చట్టం చెప్పేది అదే. అందులో అన్యాయమేమీ లేదు, జీతం తీసుకున్నాం. కానీ ప్రేమలో ఉన్నప్పుడు ఆ గీత చెరిగిపోతుంది. ఆదివారం పూట ఇంట్లో కూర్చుని ఆయన పుట్టినరోజుకని ఒక నెమలి గీసిస్తారు, ఆరు నెలలకు అది ఏదో చీర కొంగు మీద కనిపిస్తుంది. అప్పుడు అడగాలంటే మొహమాటం. సొంత స్కెచ్‌బుక్ ఇంట్లోనే ఉంచండి, తేదీ వేయండి, ఆఫీసు లాప్‌టాప్‌లోకి ఎక్కించకండి. ఇప్పటిదాకా చేసిన పనిలో బయట చూపించుకోవడానికి సంస్థ అభ్యంతరం చెప్పనివి ఏవో అడిగి, ఈమెయిల్‌లో జవాబు తీసుకుని పోర్ట్‌ఫోలియో సిద్ధంగా ఉంచుకోండి.

పెళ్లిదాకా వెళ్తే ఇంకో చిక్కుంది. కుటుంబ సంస్థల్లో కోడళ్లు పనిచేయడం నేను చాలాచోట్ల చూశాను. పొద్దున తొమ్మిదింటికి వచ్చి రాత్రి ఎనిమిదింటికి వెళ్తారు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఉండదు, జీతం ఉండదు. "అంతా మనదేగా" అంటారు. నిన్నటిదాకా డిజైనర్‌గా నెలనెలా జీతం తీసుకున్న అమ్మాయి పెళ్లి మర్నాటి నుంచి ఖర్చులకు చెయ్యి చాపాల్సి వస్తుంది. ఇది ముహూర్తాలు పెట్టుకోకముందే తేల్చుకోవాల్సిన మాట. జీతం తీసుకున్నా పన్నుల దగ్గర ఒక మెలిక ఉంది. భర్తకు, ఒక్కడికైనా బంధువులతో కలిపైనా, 20 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్న కంపెనీలో భార్య జీతం తీసుకుంటే, ఆ డబ్బును భర్త ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. మినహాయింపు ఒక్కటే: ఆమెకు సాంకేతికమో వృత్తిపరమో అర్హత ఉండి, ఆ జీతం పూర్తిగా ఆమె పరిజ్ఞానం, అనుభవం వల్లే వస్తుండాలి. చూశారా, చివరికి పన్నుల వాళ్లు కూడా మిమ్మల్ని అడిగేది ఆ ప్రశ్నే: ఇది నీ పనికి వచ్చిందా, ఆయన భార్యవని వచ్చిందా? మీ డిజైన్ డిగ్రీ సర్టిఫికెట్, నాలుగేళ్ల రివ్యూలు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ భద్రంగా దాచుకోండి.

ఇల్లూ, ఆఫీసూ ఒకరి చేతుల్లోనే ఉన్నప్పుడు ఇంకో ఇబ్బంది కూడా ఉంటుంది. పొద్దున ఇంట్లో గొడవైతే మధ్యాహ్నం మీటింగ్‌లో మీ గ్రాఫు వెనక్కి వస్తుంది. అందుకే నా సొంత అభిప్రాయం: పెళ్లి ఖాయమయ్యాక, తొందరేమీ లేకుండా, వేరే సంస్థలోనో మీ సొంతంగానో పనిచేసే దారి చూసుకోండి. పారిపోతున్నట్టు రాత్రికి రాత్రి రాజీనామా మాత్రం వద్దు. ఉద్యోగం ఎప్పుడూ ఆడపిల్లే వదులుకోవాలన్న లెక్క నాకు నచ్చదు. కానీ మీ దాంట్లో సంస్థ ఆయన కుటుంబానిది కాబట్టి ఆయన బయటికి రాలేరు.

ఈ వారం చేయాల్సింది చెప్తాను. ఆఫీసులో కాకుండా, కారులో కూడా కాకుండా, నలుగురూ ఉండే చోట పగటిపూట కూర్చుని ఆయనతో మాట్లాడండి. ఇష్టం లేనట్టు ముఖం పెట్టుకోకండి, ఉన్న ఇష్టాన్ని ఉన్నట్టే చెప్పండి. తర్వాత ఇలా అనండి: "నాకూ మీరంటే ఇష్టమే. డిజైన్ హెడ్ పోస్టు ఈ ఏడాది నాకొద్దు. ఇవ్వాలనుకుంటే వచ్చే ఏడాది నాన్నగారు, ఇంకొకరు కలిసి నా పని చూసి నిర్ణయించనివ్వండి. ఇప్పటి నుంచి నా రివ్యూ మీరు చేయొద్దు. ఈ మాట నాన్నగారికి మీరే చెప్పండి." అంతే అని ఆగిపోండి. ఆయన మాట్లాడకపోతే ఆ మౌనాన్ని మీరు పూరించకండి.

వచ్చే నెల బెనారస్ కొనుగోళ్లకు ఇద్దరమే వెళ్లాలని రాశారు కదా, ఆ ప్రయాణానికి ప్రొడక్షన్ మేనేజర్‌ను కూడా రమ్మనండి. లేదంటే ఈసారికి మీరు ఆగిపోండి. ఆయన జవాబు ఏమిటో వీలైతే కింద రాయండి. ఆ తొమ్మిది లైన్ల ఉత్తరం మీ సంస్థకు తగ్గట్టు నేను రాసిస్తాను.